తెలియదన్న ఎరుక

ఏడో కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఆఖరి పాఠం చూడటం పూర్తయింది. నుదుటికి చుట్టిన పట్టీ మీద ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. ఇక కుర్చీ ఎదుటి తెర మీద ఒక శాఖ పేరు, దాని కింద మొదటి ఏడాది చదవాల్సిన కోర్సుల పేర్లు రావాలి. పొద్దుటి నుంచి ఆ హాల్లో కూర్చున్న ప్రతి విద్యార్థికీ అలాగే వచ్చాయి. ఒకతనికి భూగర్భశాస్త్రం వచ్చింది, ఒకమ్మాయికి వాణిజ్యం, ఇంకొకరికి సివిల్ ఇంజనీరింగ్. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తెరను ఫోటో తీసుకుని, బయట చెట్ల నీడలో నిలబడ్డ అమ్మానాన్నలకి పంపిస్తున్నారు.

ఏడో తెర మీద మాత్రం రెండే మాటలు వెలిగాయి. "నాకు తెలియదు."

పైన అద్దాల గ్యాలరీలో ఆచార్య వకుళ విలేకరులకు ఆ యంత్రం గురించి చెబుతోంది. చెబుతున్న మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె చూపు వెంట విలేకరులూ కిందికి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"సోదెమ్మకి ఇవాళ పూనకం రాలేదు," అన్నారు వెనక నుంచి ఇంకెవరో.

ఆ యంత్రం పేరు ఎరుక. పేరు పెట్టింది వకుళే. పెట్టిన రోజునే విద్యార్థులు దాన్ని సోదెమ్మ అనడం మొదలుపెట్టారు. ఆ మాట వకుళకి బొత్తిగా నచ్చేది కాదు. సోదె అంటే జరగబోయేది చెప్పడం. ఎరుక జరగబోయేది చెప్పదు, జరిగినవాటిని బట్టి లెక్క వేస్తుంది.

కళింగతీర విశ్వవిద్యాలయం భీమిలికి ఉత్తరాన, సముద్రం కనిపించే కొండవాలు మీద ఉంది. వందకి పైగా శాఖలు. ఇంటర్మీడియట్ పూర్తి చేసి కొత్తగా వచ్చే పిల్లలకి వాటిలో సగం పేర్లు వినడం అదే మొదటిసారి. ఎరుక రాకముందు రిజిస్ట్రేషన్ రోజున పిల్లలు ఏ కౌంటరు ముందు క్యూ పొడుగ్గా ఉంటే ఆ క్యూలో నిలబడేవాళ్ళు. పొడుగు క్యూలో ఏదో విశేషం ఉండకపోతుందా అని వాళ్ళ వెనక ఇంకొందరు నిలబడేవాళ్ళు. పెదనాన్న కొడుకు తీసుకున్నాడని స్టాటిస్టిక్స్ తీసుకున్నవాడూ, హాస్టల్‌కి దగ్గరని కెమిస్ట్రీ తీసుకున్నదీ రెండో ఏడాదికి వచ్చేసరికి మొహాలు వేలాడేసుకుని సలహా కేంద్రానికి వచ్చేవాళ్ళు. ఆ సలహా కేంద్రంలో చాలాకాలం కూర్చున్నది వకుళే. మెదడు పనితీరు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి, ఆ మొహాలు చూసి చూసి, తన ప్రయోగశాలలో ఒక ప్రశ్న మొదలుపెట్టింది.

"మనిషికి ఏది వచ్చో పరీక్షలు చెబుతాయి. ఏది రాకపోయినా వదలబుద్ధి కాదో అవి చెప్పలేవు. అది తెలుసుకోవడం ఎలా?"

ఆ ప్రశ్నకి జవాబే ఎరుక. కొత్త విద్యార్థి నుదుటికి ఒక పట్టీ చుడతారు. అందులో ఉన్న సెన్సర్లు మెదడులో రక్తం ఏ వైపు పరుగెడుతోందో, సన్నని విద్యుత్తు ఎక్కడ పుడుతోందో గమనిస్తాయి. విద్యార్థి ఎదుట రకరకాల శాఖల చిన్న చిన్న పాఠాలు నడుస్తాయి. ప్రతి పాఠంలోనూ ఒకచోట కావాలని అర్థం కాని సంగతి పెడతారు. అక్కడే అసలు పరీక్ష. అర్థం కాని చోటు వచ్చినప్పుడు మనసు రెండే పనులు చేస్తుంది. వెనక్కి తగ్గుతుంది, లేదా ముందుకి దూకుతుంది. దూకిన చోట్లన్నీ కలిపి ఎరుక ఒక గీతగా గీస్తుంది. అంతకు ముందు తొమ్మిదేళ్ళుగా వకుళ ప్రయోగశాలలో పట్టీ పెట్టించుకుని, చదివి వెళ్ళిన వేలమంది గీతలు దాని దగ్గర ఉన్నాయి. వాళ్ళలో ఎవరు ఏ శాఖలో సంతోషంగా చదివారో, ఎవరు మధ్యలో మానేశారో కూడా దానికి తెలుసు. కొత్త గీత ఏ పాత గీతలతో కలుస్తుందో చూసి, ఆ శాఖ పేరు చెబుతుంది.

కిందటేడు ప్రయోగంగా పెట్టినప్పుడు ఎరుక మాట విన్నవాళ్ళలో చదువు మార్చుకుంటానన్నవాళ్ళు దాదాపు లేరు. దాంతో ఈ ఏడు విశ్వవిద్యాలయం ఒక నిబంధన పెట్టింది. ఎరుక చెప్పిన శాఖకే రిజిస్ట్రేషన్ పోర్టల్ తెరుచుకుంటుంది. మరో శాఖకి తెరుచుకోదు.

ఏడో కుర్చీ అమ్మాయికి పట్టీ మార్చి, మళ్ళీ మొదటి నుంచి పాఠాలన్నీ చూపించారు. మళ్ళీ అవే రెండు మాటలు.

*

"ఆ మాట తీసేయండి వకుళ గారూ," అన్నాడు రిజిస్ట్రార్ త్రివిక్రమరావు, తన గదిలో ఫ్యాను కింద కూర్చుని. "తీసేసి దగ్గర్లో ఉన్నదేదో ఇప్పించండి. ఆ పిల్లకి అన్నిటికంటె ఎక్కువ కలిసింది ఏ శాఖ?"

"గ్రంథాలయశాస్త్రం. వందలో ఇరవై వంతులు."

"అదే ఇవ్వండి. మంచి శాఖే కదా."

"ఇరవై వంతులు కలిసిందంటే ఎనభై వంతులు కలవలేదని కదండీ. ఆ హద్దు నేనే గీశాను. సగానికి తక్కువ కలిస్తే శాఖ పేరు చెప్పకూడదని యంత్రానికి నేర్పింది నేనే. ఇవాళ్టి దాకా దాని అవసరం రాలేదు."

త్రివిక్రమరావు చెడ్డవాడు కాదు. ఎరుకకి ప్రభుత్వం అనుమతి ఇప్పించడానికి సచివాలయం చుట్టూ తిరిగినవాడు ఆయనే. యంత్రం పరువు పోతే తన పరువూ పోతుందని ఆయన బాధ.

"శనివారం సాయంత్రానికి రిజిస్ట్రేషన్ మూసేస్తాం," అన్నాడు. "శాఖ పేరు లేకపోతే ఆ పిల్లకి పోర్టల్ తెరుచుకోదు. సీటు వెయిటింగులో ఉన్నవాళ్ళకి పోతుంది. మీరు పట్టుదలకి పోతే నష్టపోయేది ఆ పిల్లే. ఇంకో సంగతి. శనివారం మధ్యాహ్నం ఉపకులపతి గారు విలేకరుల్ని పిలిచారు. చిన్న సాంకేతిక లోపం వచ్చింది, సరిచేశాం అని మీరు చెప్పాలి. రెండు ముక్కలు చాలు."

వకుళ లేచింది. తలుపు తీసేసరికి వరండాలో ఆ అమ్మాయీ, పక్కన ఒక నడివయసు మనిషీ నిలబడి ఉన్నారు. ఆయన తెల్లని లాల్చీ వేసుకుని, ఉత్తరీయం మడిచి భుజాన వేసుకున్నాడు. కుడిచేతి వేళ్ళ కొసలు కాయలు కట్టి ఉన్నాయి.

"నా పేరు వీరభద్రం అండి. మాది ముమ్మిడివరం అండి. సన్నాయి మేళంలో డోలు వాయిస్తానండి. ఇది మా అమ్మాయి సావేరి," అన్నాడు చేతులు జోడించి. "మేడం గారండీ, తప్పుగా అనుకోకండి, ఒక్క మాట అడుగుతాను. మా పిల్లకి బుర్ర లేదంటందాండి మీ మిషను?"

"అలా అనలేదు వీరభద్రం గారూ. ఇలాంటి బుర్ర ఇంతవరకు తను చూడలేదంది."

వీరభద్రం ఉత్తరీయం భుజం మీద సర్దుకున్నాడు.

"అది తిట్టాండీ, పొగడ్తాండీ?"

"రెండూ కాదండీ. నిజం, అంతే."

"నిజమైతే మరి సీటేదండి?"

వకుళ సావేరి వైపు తిరిగింది. "అమ్మాయిని కాసేపు నాతో పంపించండి," అంది.

*

ప్రయోగశాలలో వకుళ సావేరిని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె గీతలన్నీ తెర మీద పరిచింది. మామూలుగా ఒక విద్యార్థికి రెండు మూడు పాఠాల్లో గీత ఎగసిపడుతుంది, మిగతావాటిలో నేల మీద పాకుతుంది. సావేరి గీత దాదాపు అన్ని పాఠాల్లోనూ ఎక్కడో ఒకచోట దిగ్గున లేచింది. వింతేమిటంటే, అర్థం కాని సంగతి పెట్టిన చోట లేవలేదు. ఇంకెక్కడో లేచింది.

"ఇక్కడ ఏం జరిగిందో చూద్దాం," అని వకుళ గీత లేచిన చోట పాఠాన్ని మళ్ళీ నడిపింది.

జంతుశాస్త్రం పాఠంలో గీత లేచిన చోట ఒక కీచురాయి అరుస్తోంది. సివిల్ ఇంజనీరింగ్‌లో ఒకాయన గోడని సుత్తితో తట్టి, లోపల గుల్లగా ఉందో లేదో చూస్తున్నాడు. తెలుగు పాఠంలో మాస్టారు పద్యం చదువుతూ గణాలు విడదీస్తున్నాడు. అకౌంట్స్ పాఠంలో కూడా ఒకచోట లేచింది. అక్కడ ఏమీ లేదే అని వకుళ రెండుసార్లు చూసింది.

"పాఠం చెప్పే ఆయన వెనకాల తలుపు కిర్రుమందండి," అంది సావేరి మెల్లిగా. "బందులు అరిగిపోయుంటాయి."

వకుళ మూడోసారి వింది. నిజమే, తలుపు కిర్రుమంది.

తొమ్మిదేళ్ళుగా వకుళ గీతల్ని చూస్తోంది గానీ, ఇలా ఒక విద్యార్థి పక్కన కూర్చుని మాట్లాడి చాలాకాలమైంది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇంటి దగ్గర నీకు బాగా ఇష్టమైన పని ఏది?"

సావేరి సిగ్గుపడింది. "పని కాదండి అది. మా మావయ్యకి కొబ్బరి తోట ఉంది. ఎర్రముక్కు పురుగు పడితే చెట్టు పైకి పచ్చగానే ఉంటుందండి. లోపల పురుగు కాండాన్ని తినేస్తా ఉంటుంది. నెత్తిన లేత మొవ్వు వాలిపోయాక గానీ మనకి తెలవదు. అప్పటికి ఇక ఆ చెట్టు పోయినట్టే. పురుగు పడిన కొత్తలో చెట్టుకి చెవి ఆనించి వింటే నమిలే చప్పుడు వస్తుందండి. మా మావయ్యకి అది వినపడదు. నాన్నకి కొంచెం వినపడుతుంది. నాకు బాగా వినపడుతుంది."

"ఎలా ఉంటుంది ఆ చప్పుడు?"

సావేరి బల్ల మీద గోటితో చూపించింది. సన్నగా రెండుసార్లు గీరి, కాస్త ఆగి, మళ్ళీ మూడుసార్లు గీరింది. "ఉడత గీరితే ఇలా ఉండదండి. ఆకు రాసుకున్నా ఇలా ఉండదు. నాన్న అంటాడు, అది ఏ తాళం నడకలో నములుతుందో చెప్పు అని. దానికి నడకే ఉండదండి, అదే దాని గుర్తు. గాలికీ వానకీ కూడా ఏదో ఒక నడక ఉంటుంది."

వకుళకి అప్పుడు అర్థమైంది. ఈ అమ్మాయికి కావాల్సింది ఒక శాఖ కాదు. పురుగుల గురించి జంతుశాస్త్రంలో కొంత, ధ్వని గురించి భౌతికశాస్త్రంలో కొంత, చప్పుళ్ళని విడదీసే లెక్కలు ఇంకొంత, లయ గురించి సంగీతశాఖలో కొంత. ఈ నాలుగూ కలిపి చదివినవాళ్ళు ఇంతవరకు ఈ విశ్వవిద్యాలయంలో ఒక్కరూ లేరు. లేరు గనుకనే ఎరుక దగ్గర అలాంటి గీత లేదు. లేని గీతని ఉన్నట్టు చూపించకుండా, తెలియదని తేల్చి చెప్పింది.

తను గీసిన ఆ హద్దు సరైన చోటే ఉందని ఆమెకి రూఢిగా తెలిసిపోయింది. కన్నకూతురు పదిమందిలో నిజం చెప్పి వచ్చినప్పుడు తల్లికి ఎలా ఉంటుందో అలా ఉంది ఆమెకి.

ఇద్దరూ కూర్చుని కోర్సులు ఎంచారు. జంతుశాస్త్రం ప్రయోగశాలా, ధ్వనిశాస్త్రం పాఠమూ ఒకే వేళకి పడ్డాయి. వకుళ భౌతికశాఖకి ఫోన్ చేసి వేళ మార్పించింది. సంగీతశాఖ అధ్యాపకురాలైతే కీటకాల పిల్ల నా క్లాసుకెందుకని అడిగి, సంగతి విన్నాక తప్పకుండా పంపమంది. అన్నీ కుదిరాయి. పోర్టల్ మాత్రం తెరుచుకోలేదు. "శాఖ పేరు ఎంచండి" అని అడుగుతూ అలాగే నిలబడింది.

*

శనివారం మధ్యాహ్నం సమావేశ మందిరం నిండిపోయింది. ఉపకులపతి మధ్యలో కూర్చుంది. ఆమెకి ఒక పక్క త్రివిక్రమరావు, రెండో పక్క వకుళ. ఆఖరి వరసలో వీరభద్రం, సావేరి ఉన్నారు. వాళ్ళని రమ్మన్నది వకుళే.

"సాంకేతిక లోపం గురించి ఆచార్య వకుళ చెబుతారు," అన్నాడు త్రివిక్రమరావు.

"లోపం ఏమీ రాలేదండీ," అంది వకుళ. "యంత్రం సరిగ్గా పనిచేసింది."

త్రివిక్రమరావు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తెలియదని చెప్పడం సరిగ్గా పనిచేయడమా?" అని అడిగాడు ఒక విలేకరి.

"తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే యంత్రం చేయడం తేలిక. రెండేళ్ళలో చేసేదాన్ని. తెలియనప్పుడు తెలియదనే యంత్రం చేయడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది. కిందటేడూ ఈ ఏడూ కలిపి అది వేలమందికి శాఖల పేర్లు చెప్పింది. వాటన్నిటికీ సంతోషించాను. ఈ ఒక్క జవాబుకి గర్వపడుతున్నాను."

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఉపకులపతి ముందుకి వంగింది. "మరి ఆ అమ్మాయి చదువు సంగతేమిటి వకుళా?"

"యంత్రానికి తెలియనప్పుడు మనిషి కూర్చుని మాట్లాడాలి మేడమ్. నేను మాట్లాడాను. ఏం చదవాలో తనే ఎంచుకుంది, నేను పక్కన ఉన్నాను. తేడా వస్తే బాధ్యత నాది. పోర్టల్ తెరిపించడం మీ చేతిలో ఉంది."

ఉపకులపతి త్రివిక్రమరావు వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నిబంధన మార్చాలంటే ఎరుక తెలియదన్న ప్రతివాళ్ళకీ మార్చాలి మేడమ్. వాళ్ళకి ఏ శాఖ కావాలంటే ఆ శాఖ తెరవాల్సి వస్తుంది."

"అలాంటివాళ్ళు ఎంతమంది వస్తారు?"

"ఏడాదికి ఒకరో ఇద్దరో," అన్నాడు ఆయన, ఒప్పుకోక తప్పదన్నట్టు.

"అయితే మార్చేద్దాం," అంది ఆమె.

ఆ సాయంత్రం పోర్టల్ మూసేలోగా సావేరి పేరు ఎక్కింది. వీరభద్రం వకుళ చేతిలో ఒక పూతరేకుల పెట్టె పెట్టి, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

*

మొదటి ఏడాది సావేరికి గడ్డుగానే గడిచింది. ధ్వనిశాస్త్రంలో లెక్కలు కొరుకుడు పడలేదు. మొదటి పరీక్ష తప్పింది. వకుళ ఎవరికీ చెప్పకుండా దిగులుపడింది. అయితే అర్థం కానప్పుడల్లా ఆ అమ్మాయి వెనక్కి తగ్గలేదు, ఇంకా దగ్గరికి జరిగి కూర్చుంది. తెలియనిచోట ముందుకి దూకే మనసు అంటే ఏమిటో వకుళ ఇన్నాళ్ళూ తెర మీద చూసింది. ఇప్పుడు ఎదురుగా చూస్తోంది.

నాలుగో ఏడాదికి సావేరి ఒక చిన్న పరికరం తయారుచేసింది. రూపాయి బిళ్ళంత గుండ్రటి బిళ్ళ. దాన్ని కొబ్బరి కాండానికి అతికిస్తే రాత్రింబగళ్ళు చెట్టు లోపలి చప్పుడు వింటుంది. గాలినీ వాననీ ఉడతనీ పక్కన పెట్టి, నడక లేని ఆ నమిలే చప్పుడు వినిపించగానే రైతు ఫోనుకి కబురు పెడుతుంది. కోనసీమ రైతులు దానికి చెట్టు చెవిపోగు అని పేరు పెట్టుకున్నారు. ఒక్క వేసవిలోనే చెవిపోగులు పెట్టిన తోటల్లో పురుగుకి పోయే చెట్లు బాగా తగ్గిపోయాయి.

ముమ్మిడివరంలో రైతులు సభ పెట్టి వకుళని పిలిచారు. తోటలోనే షామియానా వేశారు. వీరభద్రం మేళం వాయించింది. వాయింపు అయ్యాక ఆయన డోలు దించకుండానే మైకు అందుకున్నాడు.

"మా పిల్ల ఎవరనుకుంటున్నారండి? ఎరుకంతటి ఎరుకే నా వల్ల కాదని చేతులెత్తేసిన పిల్లండి. వేలమందిలో ఒక్కత్తండి," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. సావేరి తల దించుకుంది. వకుళ కూడా చప్పట్లు కొట్టింది. కొట్టకుండా ఎలా ఉంటుంది? ఆ తండ్రి అడిగిన ప్రశ్నకి ఆయనే జవాబు చెప్పుకున్నాడు. అది పొగడ్తేనని తేల్చేసుకున్నాడు.

మర్నాడు అదే మాట అన్ని పత్రికల్లోనూ వచ్చింది. "ఎరుకకే అంతుచిక్కని మేధావి."

*

ఆ మాట ఎక్కడెక్కడ చేరిందో వకుళకి ఆ మరుసటి జూన్‌లో తెలిసింది. విజయవాడలో ఒక కోచింగ్ సంస్థ, ఇంటర్మీడియట్‌తో పాటు "ఎరుక స్పెషల్ బ్యాచ్" పెట్టింది. ఎరుక చేత తెలియదనిపించడమే ఆ బ్యాచ్ పని. తల్లిదండ్రులు ఎగబడ్డారు. ఎందుకంటే ఎరుక ఏ శాఖ పేరు చెబితే పిల్లవాడు అదే చదవాలి. అది తెలియదంటే మాత్రం ఏ శాఖైనా ఎంచుకోవచ్చు. ఆ ఎంచుకునేది ఎవరో ఆ ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

శిక్షణ కూడా పద్ధతిగానే ఉండేది. పిల్లలు పాఠం వైపు కళ్ళప్పగించి చూస్తూ, మనసులో ఎక్కాలు అప్పజెప్పుకోవాలి. ఇష్టమైన పాఠం వచ్చినప్పుడు మనసుని బిగబట్టాలి, విసుగు పాఠంలో కావాలని ఊపు తెచ్చుకోవాలి. మొహంలో ఏదీ కనపడకూడదు. వారం వారం దాని మీద పరీక్షలు.

ఆ ఏడు హాల్లో వందమందికి పైగా "నాకు తెలియదు" అని వచ్చింది. వచ్చినవాళ్ళ తల్లులు ఆనందంతో కళ్ళు తుడుచుకున్నారు. గణితమనో చరిత్ర అనో స్పష్టంగా వచ్చిన పిల్లలు నేరం చేసినట్టు బయటికి నడిచారు. ఆ వందమందీ సలహాదారుల ముందు కూర్చుని, గొంతు తేడా లేకుండా కంప్యూటర్ సైన్స్ కావాలన్నారు.

"ఒకరో ఇద్దరో అన్నాను నేను," అన్నాడు త్రివిక్రమరావు నీరసంగా. "ఆ నిబంధన తీసేద్దామా?"

"ఇంకొక్క ఏడాది ఆగుదామండీ," అంది వకుళ. "ఎరుక ఏటేటా నేర్చుకుంటుంది. దాన్ని మనం ముట్టుకోవద్దు."

ఆమె నిజంగానే ముట్టుకోలేదు. తరువాతి జూన్‌లో హాలు మళ్ళీ నిండింది. ఈసారి స్పెషల్ బ్యాచ్ పిల్లలు మూడు బస్సుల్లో దిగారు. పాఠాలు నడిచాయి. దీపాలు ఆరాయి. కుర్చీ తరవాత కుర్చీ, వరస తరవాత వరస, వాళ్ళందరి తెరల మీదా ఒకటే పేరు వెలిగింది. రంగస్థల కళలు.

మొట్టమొదట గ్యాలరీ మెట్లెక్కి వచ్చింది నూజివీడు నుంచి వచ్చిన హేమసుందరి అనే ఆవిడ. వెనక ఆమె కొడుకు కౌశిక్.

"మా వాడికి నాటకాలేమిటండీ? మీ యంత్రం చెడిపోయింది," అంది.

వకుళ ఆమెకి కుర్చీ చూపించింది. "చెడిపోలేదమ్మా. మనసులో ఒకటి పెట్టుకుని మొహంలో ఇంకొకటి చూపిస్తూ, గంటసేపు తొణక్కుండా కూర్చోగలిగినవాళ్ళు ఇన్నేళ్ళలో మా దగ్గర ఒక్క శాఖలోనే ఉన్నారు. కిందటేడు ఇలాంటి గీతలు ఒక్కసారిగా వందకి పైగా వచ్చాయి. అప్పుడది తెలియదంది. ఏడాదంతా పాత గీతలతో సరిచూసుకుని, ఇప్పుడు తెలుసంటోంది. తొంభై ఆరు వంతులు కలిసింది. మీ అబ్బాయికి ఇంత బాగా కలిసిన శాఖ మరొకటి లేదు."

హేమసుందరి కొడుకు వైపు తిరిగి చూసింది. వకుళకి ఆమె మీద జాలి కలిగింది. అయినా లోపల ఎక్కడో, తన యంత్రం ఇంతమంది కలిసి కట్టిన ఎత్తుని ఒంటరిగా చిత్తు చేసిందన్న గర్వం పొంగుతూనే ఉంది. దాన్ని ఆమె దాచుకోవడానికి ప్రయత్నించింది గానీ, కౌశిక్ లాగా శిక్షణ లేదు కదా, మొహంలో తెలిసిపోయింది.

ఆ పిల్లల్ని అలా వదిలేయడం న్యాయం కాదని వకుళే అంది. ఎరుక ఏ పేరు చెప్పినా సరే, ప్రతి విద్యార్థితోనూ ఒక సలహాదారు కూర్చుని మాట్లాడాలనీ, ఆ మాటల్లో తేలినదాన్ని బట్టి శాఖ మార్చుకోవచ్చుననీ కొత్త నిబంధన రాయించింది. మనుషుల పని తగ్గించడానికి పుట్టిన యంత్రం వల్ల ఆ వారమంతా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులెవరికీ భోజనానికి కూడా తీరిక లేకపోయింది. పరిశోధక విద్యార్థిగా చేరిన సావేరి కూడా ఒక బల్ల దగ్గర కూర్చుంది. ఆమె ఎదుట కూర్చున్న పిల్లలు ఏం చెబుతున్నారో కాక, ఏ మాట దగ్గర గొంతు మారుతోందో వింటూ కూర్చుంది. చాలామంది మెల్లగా నోరు విప్పారు. ఒకడు నౌకానిర్మాణం అన్నాడు. ఒకమ్మాయి లెక్కలంటే తనకి ప్రాణమనీ, రెండేళ్ళుగా అది పైకి తెలియకుండా దాచలేక చచ్చిపోయాననీ చెప్పి ఏడ్చింది.

కౌశిక్ మాత్రం మారనన్నాడు. వాడితో పాటు ఇంకో అరవై మంది దాకా మారలేదు.

"నాటకాలాడతావా నువ్వు?" అంది హేమసుందరి.

"రెండేళ్ళు నేర్పించింది మీరే కదమ్మా," అన్నాడు వాడు. "ఆ క్లాసులు నాకు బాగా నచ్చాయి."

రంగస్థల కళల శాఖ అప్పటికి పది పన్నెండు మంది విద్యార్థులతో, ఎప్పుడు మూసేస్తారో అన్నట్టు ఉండేది. ఆ ఏడు దానికి పెద్ద ఆడిటోరియం ఇచ్చారు. దసరాకి ఆ పిల్లలు వేసిన నాటకం చూడటానికి విశాఖ నుంచి బస్సులు వేశారు. హేమసుందరి మొదటి వరసలో కూర్చుని, తెర పడ్డాక అందరికంటె ముందు లేచి నిలబడింది.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున త్రివిక్రమరావు పత్రిక పట్టుకుని వకుళ గదిలోకి వచ్చాడు. దాన్ని బల్ల మీద పరిచాడు. మొదటి పేజీ అంతా విజయవాడ కోచింగ్ సంస్థ ప్రకటన. కౌశిక్ ఫోటో, చుట్టూ అరవై మంది ఫోటోలు, ఒక్కొక్కరి తల మీద ఒక్కొక్క కిరీటం బొమ్మ. పైన ఎర్రని అక్షరాల్లో ఇలా ఉంది. "రంగస్థల కళల్లో సీట్లన్నీ మావే. ఎరుక మెచ్చిన ఏకైక సంస్థ."

దాని కింద, కొంచెం చిన్న అక్షరాల్లో, వచ్చే ఏడాది బ్యాచ్‌కి ప్రవేశాలు మొదలయ్యాయనీ, నాటకం పట్ల పుట్టుకతో ఇష్టం ఉన్న పిల్లలకి దాచుకోవడానికి ఏమీ ఉండదు గనుక ప్రవేశం లేదనీ రాశారు.